పామూ చావని, కర్రా విరగని తీర్పు

తగవు తీర్చే పెద్దమనిషికి ఉండవలసిన మొదటి లక్షణం, తగవు ఎవరి గురించో వారిని రచ్చబండ దరిదాపులకు రానీయకపోవడం. బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ నడిచిన తగవును తీర్చబూనిన అమెరికా సెనేటర్ హెన్రీ క్లే గారిలో ఈ లక్షణం ఎంత పుష్కలంగా ఉండేదో చెప్పకుండా, చరిత్రకారులు ఆయనను ‘మహా రాజీకర్త’ అని పొగిడి ఊరుకోవడం అన్యాయమని నా అభిప్రాయం.

1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, పడమటి భూముల మీద 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం వెంట ఒక గీత గీసినప్పుడు, ఆ బేరం కుదిర్చినవారిలో ఆయన ముఖ్యులు. గీతకు పైన బానిసత్వం నేరం, కింద ఆస్తి. ప్రతి పనికీ తిథి వార నక్షత్రాలు చూసే మన పంచాంగకర్తలకు కూడా పాపపుణ్యాలకు అక్షాంశం చూడాలన్న ఊహ తట్టలేదు.

కాలిఫోర్నియా బానిసలు లేని రాష్ట్రంగా చేరతాననేసరికి దక్షిణాది వారికి కోపం వచ్చింది. 1850 జనవరి 29న, డెబ్బై రెండేళ్ల వయసులో, క్లే గారు ఎనిమిది తీర్మానాలతో పాటు జార్జ్ వాషింగ్టన్ శవపేటిక ముక్కనొకదాన్ని కూడా సెనేట్‌కు పట్టుకొచ్చి చూపించారు. ఆ ఏప్రిల్‌లో అదే సభలో మిసిసిపీ సెనేటర్ ఫుట్, మిస్సోరీ సెనేటర్ బెంటన్ మీదికి పిస్తోలు తీశారంటే, చెక్కముక్క మహిమ కొంత తక్కువ పడిందనే అనుకోవాలి. దేశంలో అప్పటికి 32 లక్షల మంది బానిసలున్నారు. వారి అభిప్రాయం తీర్మానాల్లో చేరలేదు. ఎవరూ అడగలేదు గనుక ఆలస్యం కూడా కాలేదు.

అన్నీ కలిపి ఒకే విస్తట్లో వడ్డించిన ఆయన బిల్లు జులై 31న చెదిరిపోయింది. ఆయన అలసిపోయి సముద్రపుగాలికి న్యూపోర్ట్ వెళ్లగా, సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ దాన్ని ఐదు బిల్లులుగా విడదీశారు. ఎవరికి ఇష్టమైన కూర వారు తిని, గిట్టనిదాన్ని పక్కకు నెట్టడంతో సెప్టెంబరుకల్లా అన్నీ గట్టెక్కాయి. రాజధానిలోకి మనుషులను తెచ్చి అమ్మడాన్ని నిషేధించారు. ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

ఈ విందులో దక్షిణాది వారి వాటా, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం. అందులో పట్టుబడిన మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు, జ్యూరీ లేదు. విచారించే కమిషనర్ అతణ్ని యజమానికి అప్పగిస్తే పది డాలర్ల రుసుము, వదిలేస్తే ఐదు. గిట్టనివారు దీన్ని లంచమన్నారు. అప్పగింతకు కాగితాలు ఎక్కువ రాయాలి గనుక కూలి కూడా ఎక్కువని సమర్థకులు వివరించారు. ఒక మనిషిని బతుకంతా కట్టిపడేసే కాగితానికి అదనంగా పట్టే సిరా ఖరీదు ఐదు డాలర్లేనంటే చవకే కదా!

బానిసత్వం చెడ్డదని క్లే గారు ఎన్నోసార్లు అన్నారు. కెంటకీలోని తమ ఆష్‌లాండ్ తోటలో జనపనార పండించే బానిసలకు ఆ సంగతి వేరే చెప్పనవసరం లేదు. వారింటి బానిస షార్లెట్ డ్యూపీ, తనకు స్వేచ్ఛ ఇవ్వాలని 1829లో వాషింగ్టన్‌లో ఆయన మీదే దావా వేసింది. దేశానికి రాజీ నేర్పిన పెద్దమనిషి ఈ ఒక్క వ్యాజ్యంలో రాజీ పడలేదు, గెలిచారు. ఇంటికి తిరిగి రానని మొండికేసిన ఆమెను జైల్లో పెట్టించి, ఆ పైన న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న తమ కూతురింటికి పంపించారు. విడుదల 1840లో దొరికింది.

1852లో పోయిన ఆయన వదిలివెళ్లిన వీలునామా కూడా రాజీయే. 1850 జనవరి 1 తర్వాత తమ బానిసలకు పుట్టిన పిల్లల్లో మగవారికి 28వ ఏట, ఆడవారికి 25వ ఏట విముక్తి. చివరి మూడేళ్ల కూలి డబ్బు వారిని ఆఫ్రికాలోని లైబీరియా వంటి వలసలకు పంపే ఖర్చులకు. ఆ లెక్కన మొదటి ఆడపిల్ల 1875లో స్వేచ్ఛ పొంది, సొంత ఖర్చుతో ఓడ ఎక్కవలసింది. 1865 డిసెంబరులో బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణ అడ్డొచ్చి, ఎంతో జాగ్రత్తగా వేసిన ఆ లెక్కను పాడుచేసింది.