ఎంఐటీ లైసెన్సు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎంఐటీ లైసెన్సు గారికి,

హైదరాబాదు నుంచి నమస్కరించి రాయునది. నేను ఊరికే పంచే ప్రోగ్రాము పక్కన, గమనికలో నా పేరు ఉంచి ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే అనుమతి పత్రం తమరు. తమరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. ఎవరూ తెరవని ఫైలులో ఏళ్ల తరబడి అక్షరం చెక్కుచెదరకుండా ఉన్నారు. చెరిగిపోయినది నా పేరు మాత్రమే.

నిన్న మధ్యాహ్నం రాయదుర్గం మెట్రో స్టేషను దగ్గర ఒక అద్దాల భవనంలో నాకు జరిగిన మర్యాద తమరు వినాలి. పాత డీటీపీ ఫాంట్లలోని తెలుగును ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు అర్థం చేసుకునే యూనికోడ్‌లోకి మార్చే నా ప్రోగ్రామును ఒక ప్రాజెక్టులో వాడుకుంటామని పిలిచారు. తీరా వెళ్లాక తెలిసింది, నేను అక్కడ అతిథిని కాదు, అనుమానితుడిని. వాళ్ల దగ్గర ముందే ఉన్న కోడుతో నా కోడు సరిపోలిందని, కోడులను పోల్చి చూసే స్కానరు పట్టేసిందట. ఆ ముందే ఉన్న కోడు ఎక్కడిదంటే, వాళ్ల కుర్రవాడు ఏఐని అడిగి రాయించుకున్నది. కాబట్టి నాది కాపీ కాదని నేను రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి! లీగల్ విభాగం ఆవిడ ఫారం నా ముందుకు జరిపి, "ఇది మీ సొంతమనడానికి ఆధారం ఏమైనా ఉందా సార్?" అని ఎంతో వినయంగా అడిగారు.

సరిపోలిన ముక్కలు తెర మీద చూపించారు. పాత ఫాంట్లలో అక్షరం ముక్కచెక్కలుగా ఉంటుంది. తలకట్టు ఒకటి, గుణింతం ఒకటి, ఒత్తు ఒకటి. వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఏడిపించింది క్రావడి, అంటే ర ఒత్తు. ఆ ఫాంట్లలో అది హల్లుకు ముందే వచ్చి కూర్చుంటుంది, యూనికోడ్‌లో వెనక రావాలి. విసిగిపోయి ఒక రాత్రి కోడు పక్కన వ్యాఖ్య రాసుకున్నాను: "క్రావడి ముందుకు దూకుతుంది, చెవి పట్టుకుని వెనక్కి లాగాలి." తెర మీద అక్షరాలా అదే వాక్యం! దాని కింద పరీక్షించే పదం "చక్రపొంగలి". క్రావడిని పరీక్షించడానికి బుద్ధి ఉన్నవాడెవడైనా "ప్రభుత్వం" అని రాస్తాడు. చక్రపొంగలి రాసినవాడిని నేనొక్కడినే, ఆ రాత్రి ఆకలి నాది.

"ఇది నా వాక్యం" అన్నాను. "ఫైలులో మీ పేరు లేదు కదా సార్" అన్నాడు కుర్రవాడు. పాత మార్పుల తేదీలన్నీ తీసి చూపించాను. "తేదీలు మార్చుకోవచ్చట కదా సార్" అన్నాడు. మార్చుకోవచ్చు, అదీ నిజమే. సాయంత్రం దాకా ఆ గదిలో కూర్చుని, నా చక్రపొంగలి నాదేనని నిరూపించుకోలేక బయటపడ్డాను.

అయ్యా, తమరు అడిగేది ఎంత? మొత్తం కలిపి సుమారు 170 ఇంగ్లీషు మాటలు. వాడుకో, మార్చుకో, అమ్ముకో అన్నారు. చివరి పేరా మొత్తం పెద్దక్షరాల్లో, ఏం చెడిపోయినా నాకు పూచీ లేదని అరిచారు. మధ్యలో గొంతు తగ్గించి ఒకే ఒక్క షరతు పెట్టారు: కాపీలన్నిటిలో, గణనీయమైన భాగాల్లో ఈ కాపీరైటు గమనిక ఉంచండి అని. డబ్బు కాదు, దండ కాదు, రెండు పంక్తులు. మన ఇళ్లలో స్టీలు బిందె మీద ఇచ్చినవారి పేరు చెక్కిస్తారు. బిందె మూడు ఇళ్లు మారినా పేరు ఉంటుంది, నీళ్లు మోసుకోవడానికి అది అడ్డం కాదు. ఇప్పుడు ఏఐకి నేర్పడానికని లోకంలోని బిందెలన్నీ ఒకే కొలిమిలో వేసి కరిగించారు. కొత్త బిందె మీద ఎవరి పేరూ లేదు. సొట్ట మాత్రం మా బిందెదే!

తమరికి కోర్టులో పరువు లేదని ఎలా అంటాను? 2008లో అమెరికాలో జాకబ్‌సెన్, కాట్జర్ కేసు ఉంది. బొమ్మ రైళ్లు నడిపే ప్రోగ్రాము అది. ఉచితంగా ఇచ్చిందే, మీ చుట్టం ఆర్టిస్టిక్ లైసెన్సు కింద. అందులోని ఫైళ్లను రచయితల పేర్లు లేకుండా వాడుకున్నారు. ఉచితమైనంత మాత్రాన షరతులు గాలికి పోవని, మీరితే కాపీరైటు ఉల్లంఘన కాగలదని ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. అప్పుడు పేరు తీసినవాడు మనిషి, పట్టుకుని అడగడానికి ఉండేవాడు. 2022 నవంబరులో కొందరు ప్రోగ్రామర్లు కోడు రాసిపెట్టే ఏఐ గిట్‌హబ్ కోపైలట్ మీద కాలిఫోర్నియాలో కేసు వేశారు. కాపీరైటు గమనికలు ఊడబెరికారన్న ఆరోపణను 2024లో న్యాయమూర్తి కొట్టేశారు. బయటికొచ్చిన కోడు అసలుకు అచ్చుగుద్దినట్టు ఉండాలట. అది అప్పీలుకు వెళ్లింది. అచ్చుగుద్దినట్టు కావాలంటే నా క్రావడిని పంపిస్తాను, చూసుకోమనండి.

"ఏఐ రాసింది కాబట్టి మాదే" అన్నారు ఆ లీగల్ ఆవిడ. ప్రశ్న టైపు చేసినంత మాత్రాన రచయిత అయిపోరని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2025 జనవరిలో నివేదిక ఇచ్చింది. మన 1957 చట్టంలో 1994లో చేర్చిన మాట ఇంకోలా ఉంది: కంప్యూటరు సృష్టించిన రచనకు, ఆ సృష్టికి కారకుడైన వ్యక్తే రచయిత. ఎవరండీ కారకుడు? ప్రశ్న కొట్టిన కుర్రవాడా, యంత్రం చేసిన కంపెనీయా, క్రావడి చెవి పట్టుకున్న నేనా?

నా కోడుతో చేసి పంచేదాన్నీ నా షరతుల మీదే పంచాలనే మీ తోటి లైసెన్సు జీపీఎల్ గారికి 1989 నుంచీ పౌరుషం ఎక్కువ. ఆయన గతీ చూస్తున్నాం. ఏఐ చేత రాత్రికి రాత్రి తిరగరాయించి, ఇది కొత్త కోడు, మీతో సంబంధం లేదంటున్నారు. 1980లలో ఐబీఎం పీసీని మేల్కొలిపే ప్రోగ్రాము బయోస్‌ను తిరగరాసినప్పుడు ఒక జట్టు చదివి వివరం రాస్తే, అసలును ఎన్నడూ చూడని మరో జట్టు కోడు రాసింది. ఇప్పుడు ఆ రెండో గదిలో కూర్చున్నది లోకంలోని కోడంతా నమిలిన యంత్రం. ఇక కోడును అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ పద్ధతికి నిర్వచనం చెప్పే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ పెద్దలు 2024లో ఓపెన్ సోర్స్ ఏఐకీ నిర్వచనం ఇచ్చారు. ఏం తినిపించారో వివరంగా చెబితే చాలు, తినిపించినదంతా చూపక్కరలేదట. ఏఐ రాసిన సవరణలు మాకు వద్దని అదే ఏడాది జెంటూ అనే లినక్స్ తయారుచేసేవాళ్లు చెప్పేశారు. మంచి పని చేశారు. నాకూ ఒకటి వచ్చింది, "కోడును సరళం చేశాను" అని. చూస్తే క్రావడి భాగమే ఎగిరిపోయింది, చక్రపొంగలి కాస్తా చకపొంగలి అయింది.

ఇంత జరిగినా మిమ్మల్ని తీసేసే మనసు రావడం లేదు. జిల్లాల్లో చిన్న ప్రెస్సులవాళ్లు, తాతగారి శతకం డీటీపీ ఫైలులో ఇరుక్కుపోయినవాళ్లు నన్నడగకుండా ప్రోగ్రాము దించుకుంటారు. ఒకాయన శతకం అచ్చు వేయించి, ముఖచిత్రం గీసినవారి పేరు కింద నా పేరు కూడా వేశారు. ఆయన మిమ్మల్ని చదివి ఉండరు. చదవనివారికి ఉన్న పాటి మర్యాద, మిమ్మల్ని అక్షరం అక్షరం మింగినదానికి లేకపోయింది. సిగ్గు లేకపోయింది.

కాబట్టి మీరు ఉండండి. కానీ నా పేరు కాపాడే పని ఇక మీకు అప్పగించను. వచ్చే విడుదలలో ప్రతి ఫంక్షను పేరులో, ప్రతి పరీక్ష పదంలో మా ఇంటిపేరు చేర్చబోతున్నాను. మింగేవాళ్లు మింగనీయండి. కక్కేటప్పుడు మా ఇంటిపేరుతో సహా కక్కుతారు.

ఇట్లు,
మీ పై పంక్తిలో కాపీరైటు సంవత్సరం పక్కన ఉన్నవాడు