మనిషికి ఒకే ఇంటిపేరు ఉండాలని ఎవరన్నారు?

ఫ్రెంచ్ కెనడియన్ వంశవృక్షాల్లో పేర్లు "సరిచేసే" వాళ్ళ మీద నాకు చాలా కోపంగా ఉంది, పొడుగైనా సరే ఇవాళ రాసేస్తున్నా. మా ఆయన వాళ్ళ ముత్తాతలు కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ పల్లెల నుంచి మసాచుసెట్స్ బట్టల మిల్లుల్లో పనికొచ్చినవాళ్ళు, 1840 నుంచి 1930 మధ్య అలా క్యుబెక్ వదిలి అమెరికా వచ్చినవాళ్ళు సుమారు 9 లక్షల మంది. పిల్లలకి మా గుంటూరు వైపు చుట్టరికాలన్నీ చెప్తున్నాం కదా, నాన్న వైపు కూడా తెలియాలని ఈ పనిలో దిగా.

ఆన్‌లైన్‌లో జనాలు పెట్టిన చెట్లు చూస్తే ఏడుపొస్తుంది. తండ్రి యూడాన్, కొడుకు బోల్యూ అని కనిపించగానే ఒకరు వేరే కుటుంబం అని విడగొట్టేస్తారు, ఇంకొకరొచ్చి బోల్యూ కొట్టేసి యూడాన్ పెట్టేస్తారు. అయ్యా, అది "యూడాన్ డి బోల్యూ", అంటే బోల్యూ అని పిలవబడే యూడాన్, రెండూ వాళ్ళ పేర్లే! 1665లో కరీన్యాన్-సాలియేర్ రెజిమెంట్ అనే ఫ్రెంచ్ సైనిక దళం సుమారు 1,200 మంది సైనికులతో న్యూ ఫ్రాన్స్‌లో, అంటే అప్పట్లో ఫ్రాన్స్ పాలనలో ఉన్న ఈ క్యుబెక్ వైపు, దిగింది, ఆ రోజుల్లో సిపాయిలకి లాఫ్లర్, లాట్యులిప్, సాన్‌సుసీ ఇలా ఒక సైన్యం పేరుండేది, తర్వాత ఓ 400 మంది అక్కడే పొలాలు తీసుకుని ఉండిపోతే ఆ పేర్లు కూడా వాళ్ళతోనే ఉండిపోయాయి. సైన్యంతో సంబంధం లేనివాళ్ళకి ఊరిని బట్టో పొలాన్ని బట్టో వచ్చేవి. అన్న ఒక పేరు వాడితే తమ్ముడు ఇంకోటి, ఒకే మనిషికి పెళ్ళి రికార్డులో ఒకటి, చనిపోయినప్పుడు ఇంకోటి. మనవాళ్ళకి ఇది అర్థం కాకపోవడం ఏంటో, దత్తత వెళ్ళినాయనకి పుట్టింటి పేరొకటి, వెళ్ళినింటి పేరొకటి ఉండటం మనం చూడలేదా?

ఇక పిల్లలకి పెట్టే పేర్లు. బాప్టిజంలో ఆడపిల్లలకి ముందు మారీ, మగపిల్లలకి జోసెఫ్ పెట్టడం మామూలు, తర్వాత గాడ్‌పేరెంట్స్ (బాప్టిజంలో తల్లిదండ్రుల స్థానంలో నిలబడేవాళ్ళు) పేరు, ఇంట్లో పిలిచేది చాలాసార్లు చివర్లో ఉండేది. ఐదుగురు అక్కచెల్లెళ్ళూ మారీలే అయితే డూప్లికేట్ అనుకుని ఇద్దర్నీ ఒకరిగా కలిపేసే మెర్జ్ నొక్కేస్తారా, ఒక పిల్ల బతుకు మొత్తం ఇంకో పిల్ల ఖాతాలో పడిపోతుంది!

అన్నిటికంటే నన్ను మండించేది ఆడవాళ్ళ పేర్లు మార్చడం. క్యుబెక్ చర్చి రిజిస్టర్లలో పెళ్ళైనా, చనిపోయినా, ఆడమనిషి పుట్టింటి పేరుతోనే ఉంటుంది, పెళ్ళి రికార్డులో సాధారణంగా రెండు వైపులా తల్లుల పేర్లు కూడా రాసేవాళ్ళు. 1640లో క్యుబెక్ నగరంలో చర్చి కాలిపోతే రిజిస్టర్లు కూడా పోయాయి, జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్ళీ కూర్చుని రాసుకున్నారు, 1679 నుంచి రెండు కాపీలు పెట్టారు, అంత జాగ్రత్త చేశారు. 1663-1673 మధ్య ఫ్రాన్స్ రాజు ఖర్చు మీద వచ్చిన సుమారు 800 మంది అమ్మాయిలు, ఫీయ్ దు రువా (రాజుగారి కూతుళ్ళు) అంటారు, లక్షల కుటుంబాలకి మూలపుటమ్మలు, వాళ్ళ సొంత పేర్లు ఇవాళ్టికీ దొరుకుతున్నాయంటే ఆ అలవాటు వల్లే. అలాంటిది ఒకరు అమెరికాలో కూర్చుని అందరికీ మొగుడి ఇంటిపేరు తగిలించేస్తే ఆవిడ అమ్మానాన్నల దాకా వెళ్ళే దారి మూసుకుపోదా? క్యుబెక్‌లో 1981 నుంచి పెళ్ళైనా పుట్టింటి పేరే చట్టప్రకారం ఆవిడ పేరు, ఆ సంగతన్నా తెలుసుకోండి.

సరిహద్దు దాటాక ఇంకో గోల, ఫ్రెంచ్ పేరు అర్థాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చేసుకుని బువావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, రువా కింగ్ అయ్యాడు. ఎందుకు మార్చుకున్నారో, మిల్లులో ఎవరేమన్నారో మనకేం తెలుసు, మార్చుకున్నదీ వాళ్ళ జీవితంలో భాగమే కాబట్టి అదీ ఉండాలి, పాతదీ ఉండాలి.

నేనైతే రికార్డులో ఏ స్పెల్లింగ్ ఉంటే అదే ఎక్కిస్తున్నా, మిగతా పేర్లన్నీ పక్కన "ఇతర పేర్లు"లో, ఏ ఊరి చర్చి, ఏ తారీఖు, పేజీ ఫోటోతో సహా. దయచేసి ఫోటో తెరిచి చదవకుండా నా చెట్టులో ఎవరి పేరూ మార్చకండి, ఫ్రెంచ్ రాకపోతే అడగండి, నాకొచ్చినంత చదివి పెడతా.