వెల్లుల్లి వైద్యుడు, మూగ రోగి

మా అపార్టుమెంటులో ఒక పెద్దాయన ఉన్నారు. పదవీ విరమణ చేసిన మర్నాడే ఆయనలోని పశువైద్యుడు నిద్ర లేచాడు. కుక్క తుమ్మితే తులసి, గోక్కుంటే వేప, ఏమీ చేయకుండా పడుకుంటే అశ్వగంధ. "మొక్కల మందు కదండీ, మేలు చేయకపోయినా కీడు చేయదు" అంటారు. గన్నేరు, ఉమ్మెత్త కూడా మొక్కలేనని చెప్పబోయి, వాటితోనూ కషాయం కాస్తారేమోనని ఊరుకున్నాను.

వేసవిలో రెండో అంతస్తు రాకీకి పిడుదులు పట్టాయి. పెద్దాయన వెల్లుల్లి నూరి, వేపనూనెలో కలిపి, తోక నుంచి చెవుల దాకా దగ్గరుండి పట్టించారు. పైగా రోజూ నాలుగు రెబ్బలు అన్నంలో కలపమన్నారు, ఆ వాసనకు పిడుదులు పారిపోతాయట. పారిపోయింది మేము. లిఫ్టు తలుపు తెరిస్తే ఆవకాయ జాడీ మూత తీసినట్టే. రాకీ తన ఒళ్లు తానే నాకి, తుమ్మి, మమ్మల్ని నేరస్తుల్లా చూసేది. పిడుదులు మాత్రం ఆ ఘాటుకు అలవాటుపడి తాపీగా కాపురం చేశాయి. పిడుదు కాటుతో వచ్చే ఎర్లీకియా జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పిడుదులూ పెద్దాయనా కలిసి ఆ కుక్క రక్తాన్ని చెరిసగం పంచుకున్నారు.

నాటువైద్యమంటే నాకు చిన్నచూపు లేదు. ఆవు పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం నూరి పూయమని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి బోర్డే చెబుతోంది. అది పైపూత, పాళ్లు లెక్కగా ఉంటాయి. ఈయన లెక్క చారెడు.

నవ్వు ఇక్కడితో సరి. పోయిన నెల నాలుగో అంతస్తు కుర్రవాడు తెచ్చుకున్న మూడు నెలల కుక్కపిల్ల వాంతులు, రక్త విరేచనాలతో పడిపోయింది. పార్వో అనే వైరస్ జబ్బు. టీకా వేయించలేదు, పసుపు పాలు చాలన్నది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ఆ జబ్బులో ఒంట్లో నీరు నిలిస్తేనే ప్రాణం నిలుస్తుంది, వెంటనే సెలైన్ ఎక్కించాలి. దానికి మూడు రోజులు దానిమ్మ తొక్కల కషాయం పోశారు. కక్కింది. మళ్లీ పోశారు. ఇదేం వైద్యమండీ? వద్దనడానికి నోరు లేని పసిప్రాణి గొంతులో మీ పాండిత్యం పోయడానికి మీకు ఎవరిచ్చారు హక్కు? నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి సూది గుచ్చడానికి నరమే దొరకలేదు.

నిన్న పెద్దాయన లిఫ్టులో కలిశారు. "చూశారా, ఇంగ్లిషు మందుకు తీసుకెళ్లారు, పోయింది" అన్నారు. ఆయన చేతిలో మందుల షాపు సంచి ఉంది. బీపీ మాత్రలట. ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పారట.