పన్నెండో వాడి మోకాళ్లు

మా మేనల్లుడి మోకాళ్లు షోరూంలోంచి అప్పుడే దించిన బండిలా ఉన్నాయి. ఎక్కడా ఒక్క గీత లేదు. తిరుపతి మొత్తంలో ఇంత శాస్త్రీయంగా కాపాడిన మోకాళ్లు ఇంకో జత ఉండవని ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే వాటిని ఎలా కాపాడారో గత నెల చిత్తూరు టోర్నమెంట్‌లో రెండు రోజులు కూర్చుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, నోటుబుక్కులో రాసుకొచ్చాను. వాడు ఇంటర్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీంలో పన్నెండో వాడు. పదమూడో వాడు లేడు.

ముందు లెక్క. మన దగ్గర ఆడే అంతర్జాతీయ రూల్స్ ప్రకారం మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే పంచడానికి మొత్తం 200 నిమిషాలు ఉంటాయి. పంక్తిలో వడ్డించినట్టు పన్నెండు మందికీ సమానంగా వడ్డిస్తే తలా 16 నిమిషాల 40 సెకన్లు వస్తాయి. మొదటి మ్యాచ్‌లో పీడీ సార్ వడ్డించింది: మొదటి ఐదుగురికి 177, మిగిలిన ఏడుగురికి కలిపి 23. టీంలో స్టారు అనదగ్గ కుర్రాడు ఒక్కడే 39 ఆడాడు. మా వాడికి దక్కింది నిమిషం నలభై సెకన్లు, అదీ మనవాళ్లు 24 పాయింట్లు వెనకబడి, అవతలి టీం వాళ్లు బ్యాగులు సర్దుకుంటున్నప్పుడు. తిరుపతిలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఇదేమీ కొత్తగా అనిపించలేదు. కంపార్ట్‌మెంట్‌లో గంటలకొద్దీ కూర్చుని, తీరా స్వామి ముందుకొచ్చి కళ్లు తెరిచేసరికి 'జరగండి, జరగండి' అనిపించుకోవడం మనకు అలవాటే. తేడా ఒక్కటే, అక్కడ బయటికొచ్చాక లడ్డూ ఇస్తారు.

పీడీ సార్ మంచాయన, ఆయన మీద నాకేమీ లేదు. టీ తాగుతూ అడిగితే ఓపిగ్గా చెప్పారు కూడా. "మనకు మూడూ ముఖ్యమే సార్. గెలవాలి, పిల్లలకు దెబ్బలు తగలకూడదు, కొత్తవాళ్లు ఎదగాలి." ఆ మూడింటినీ ఆయన ఎలా సర్దారో నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది. గెలుపు ఈ రోజుకి, దెబ్బలు దేవుడికి, ఎదుగుదల వచ్చే ఏడాదికి. స్టారు కుంటుతూ బెంచి వైపు చూసిన ప్రతిసారీ "ఇంకో రెండు నిమిషాలే రా" అంటారు. కాణిపాకం పక్కనే ఉంది కాబట్టి ప్రమాణం చేయమన్నా చేసేవారేమో, కానీ ఆ రెండు నిమిషాలు నా స్టాప్‌వాచ్‌లో పద్నాలుగు.

అమెరికా వాళ్ల సంగతి చూద్దామని నేనూ కొంత చదివాను. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో సీజన్‌కు 82 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 48 నిమిషాలు. 2012లో శాన్ ఆంటోనియో కోచ్ పొపోవిచ్ తన పెద్ద ఆటగాళ్లకు విశ్రాంతి అని చెప్పి మయామీ మ్యాచ్‌కు ముందే ఇంటికి పంపేశాడు. లీగ్ ఆ టీంకి రెండున్నర లక్షల డాలర్లు జరిమానా వేసింది. విశ్రాంతి ఇచ్చినందుకు జరిమానా! మన దగ్గర అంత దూరం పోదు, కరస్పాండెంట్ గారి నుంచి ఒక ఫోన్ వస్తుంది, అంతే. అదే ఏడాది అదే టీం వాళ్లు తమ సీనియర్ ఆటగాడు టిమ్ డంకన్ పేరు పక్కన 'ఆడలేదు, కారణం: ముసలితనం' అని రాసి పెట్టారు. నాకిది భలే నచ్చింది. మా వాడి పేరు పక్కన 'ఆడలేదు, కారణం: మేనమామకు పలుకుబడి లేదు' అని రాయమని స్కోరర్‌ని అడిగితే, ఆయన నావైపు చూసి పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

స్టారు వాళ్ల నాన్న కూడా చదువుకున్నాయనే. పాతకాలం ఎన్‌బీఏ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ 1961-62 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 48.5 నిమిషాలు ఆడాడని నాకు పాఠం చెప్పారు. మ్యాచే 48 నిమిషాలు కదండీ అంటే, అదనపు సమయం కూడా వదల్లేదట. నేను షికాగో స్టారు డెరిక్ రోజ్‌ని దించాను. 2012లో, సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో షికాగో 12 పాయింట్లు ముందుంది, నిమిషంన్నర కూడా మిగల్లేదు, అయినా కోచ్ తిబడో అతన్ని కోర్టులోనే ఉంచాడు, మోకాలి లిగమెంట్ తెగింది. అక్కడితో గెలిచాననుకున్నా. ఆయన నింపాదిగా, "ఆ ఏడాది సీజన్‌ని 66 మ్యాచ్‌లకు కుదించారు, అందులో రోజ్ ఆడింది 39యే కదా, అంత విశ్రాంతి ఏమైనట్టు?" అన్నారు. నిజమే, అతను గాయాలతో సగం సీజన్‌కి దగ్గరగా బయటే కూర్చున్నాడు. కవాయ్ లెనార్డ్ 2018-19లో 82కి 60 మాత్రమే ఆడి టొరంటోకి టైటిల్ తెచ్చాడని నేనంటే, మ్యాచ్‌లు మానేస్తే గాయాలు తగ్గుతాయని రుజువు కావట్లేదని 2024లో లీగ్ వాళ్లే రిపోర్టు ఇచ్చారని ఆయనంటారు. ఇద్దరం అరుచుకుంటుంటే స్టారు పక్కనే కూర్చుని చీలమండకి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటున్నాడు. నీకెలా ఉంది బాబూ అని వాణ్ణి ఎవరం అడగలేదు, నేనూ అడగలేదు.

మా అక్కకైతే ఈ ఏర్పాటు మహా సంతోషం. బెంచి మీద కూర్చునే టైంలో ఫిజిక్స్ ఫార్ములాలు చూసుకోవచ్చని వాడి జెర్సీ కింద చీటీలు పెట్టి పంపింది. పైగా సర్టిఫికెట్‌లో నిమిషాలు రాయరు. స్పోర్ట్స్ కోటాలో 39 నిమిషాల వాడి కాగితం, నిమిషం నలభై వాడి కాగితం ఒకటే, సంతకం కూడా ఒకటే. ఎంసెట్, మోకాళ్లు, సర్టిఫికెట్ మూడూ దక్కించుకున్నవాడు టీం మొత్తంలో మావాడొక్కడే. వాడు మాత్రం బస్సులో చంద్రగిరి దాటేదాకా నాతో మాట్లాడలేదు. కారణం చివరి మ్యాచ్.

ఆ మ్యాచ్ మూడో క్వార్టర్‌లో స్టారు చీలమండ మడతపడింది. అందరికంటే ముందు మా వాడే లేచాడు, మిగతావాళ్లకు అప్పటికే నాలుగేసి ఫౌల్స్ ఉన్నాయి, ఐదోది పడితే బయటికే, కాబట్టి సార్‌కీ వేరే దారి లేదు. వెళ్లిన మూడు నిమిషాల్లో బంతి మూడుసార్లు అవతలివాళ్ల చేతిలో పెట్టాడు, ఓసారి ఖాళీగా ఉన్న బాస్కెట్ కిందనుంచి వేసి రింగుకి కూడా తాకించలేకపోయాడు, రొప్పుతూ నడుం పట్టుకుని నిలబడ్డాడు. పీడీ సార్ నావైపు తిరిగి, "చూశారుగా సార్, అందుకే వీణ్ణి దించను" అన్నారు. దించలేదు కాబట్టే కదా ఇలా ఆడుతున్నాడు అని అందామనుకున్నా, ఆయన అప్పటికే స్టారు బ్యాండేజీ గట్టిగా కట్టించి మళ్లీ పంపేశారు. ఇంకో రెండు నిమిషాలే అని.

ఓడిపోయారు. అయిపోయాక స్టారు వాళ్ల నాన్న నా పక్కన కూర్చుని నోటుబుక్కు అడిగి తీసుకుని, పేజీలు తిప్పి చూశారు. కొడుకు రెండు బెంచీల అవతల ఐస్ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ 36 అని ఉందే?"

"చీలమండ మడతపడినప్పుడు కాసేపు బయట ఉన్నాడు కదండీ."

"40 అని రాసివ్వండి సార్, పేపర్‌కి పంపాలి" అన్నారు.