విరిగింది పెన్సిల్ కాదు

శత్రువు విమానాలు ఎన్ని కూల్చామో చెప్పడానికి మనకు వేదికలు బాగానే దొరుకుతున్నాయి. 2025 ఆగస్టు 9, శనివారం ఇక్కడే, బెంగళూరులో, కాత్రే స్మారకోపన్యాసంలో వైమానిక దళాధిపతి ఏపీ సింగ్, మేలో నాలుగు రోజులు సాగిన ఆపరేషన్ సిందూర్‌లో పాక్ ఫైటర్లు ఐదు, ఒక పెద్ద విమానం కూల్చామని, ఆ పెద్దదాన్ని 300 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టామని చెప్పారు. సంతోషం. మనవి ఎన్ని పోయాయన్న మాట మాత్రం అక్కడా రాలేదు. ఆ మాట మే 31న సింగపూర్‌లో ఒక విదేశీ చానల్ ముందు త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ నోట సగం వచ్చింది, అదీ అంకె లేకుండా. లోక్‌సభలో జులై 28న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఏమని సెలవిచ్చారు? పరీక్షలో మార్కులు చూడాలి గానీ పెన్సిల్ విరిగిందా, పెన్ను పోయిందా అని అడగకూడదట!

ఈసారి పైలట్లందరూ తిరిగొచ్చారని మే 11నే ప్రకటించారు కాబట్టి ఆ పోలిక చెల్లిపోయింది. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మర్నాడు, పోయినవి కూడా పెన్సిళ్లేనా?

ఆ పొద్దున ఫైటర్ పైలట్ అభినందన్ పాక్ చేతికి చిక్కడం దేశమంతా చూసింది. తరువాత ఆయన మీసకట్టు కోసం మన ఊరి సెలూన్లకు కుర్రాళ్లు వరస కట్టారు. అదే పొద్దున శ్రీనగర్ పక్కన బడ్గాంలో ఎంఐ-17 హెలికాప్టర్ కూలి అందులోని ఆరుగురు, కింద పొలాల వైపు ఉన్న ఒక ఊరి మనిషి చనిపోయారు. కొట్టింది పాకిస్తాన్ కాదు, శ్రీనగర్ స్థావరం నుంచి మనవాళ్లు వదిలిన మిస్సైలే. బయటికి చెప్పింది మాత్రం ‘కూలింది’ అన్న ఒక్క ముక్క. ఎన్నికలు జరిగాయి, ఫలితాలు వచ్చాయి, మంత్రులు ప్రమాణాలు చేశారు. అప్పటి దళాధిపతి భదౌరియా ‘పెద్ద తప్పు’ అని ఒప్పుకునేసరికి అక్టోబర్ 4. ఏడు నెలలు!

అదే ఫిబ్రవరి 1న ఇక్కడ హెచ్ఏఎల్ విమానాశ్రయంలో మిరాజ్ యుద్ధవిమానం కూలి ఇద్దరు పైలట్లు పోయారు. నల్లటి పొగ ఊరి మీదికి లేచింది గనుక దాచడం కుదరలేదు. బడ్గాం దూరం కదా!

యుద్ధం మధ్యలో నష్టాలు చెబితే శత్రువుకు మేలంటారు. ఆ నాలుగు రోజులకైతే సరే. కాల్పులు ఆగింది మే 10న, ఈ మాట రాస్తున్నది 2025 ఆగస్టులో. అయినా మన విమానాన్ని కూల్చినవాడికి ఆ సంగతి తెలియదా? తెలియనిది మనకే. ఇక సొంత మిస్సైల్ సంగతి ఏ శత్రువు నుంచి దాచినట్టు? 1999 మే 27న కార్గిల్‌లో రెండు ఫైటర్లు, మర్నాడే నలుగురితో ఎంఐ-17 పోతే వాజ్‌పేయీ ప్రభుత్వం అప్పటికప్పుడే చెప్పింది. యుద్ధం ముగిశాక సమీక్ష కమిటీ నివేదికనూ పార్లమెంటు ముందు పెట్టింది. సైన్యం డీలా పడిపోలేదు, టైగర్ హిల్ ఎక్కింది. ఆ పార్టీవారే ఇప్పుడు లెక్క అడిగితే దేశభక్తిని శంకిస్తున్నారు. గెలుపు వెంటనే, నష్టం ఎప్పుడో, అదీ పరాయి దేశంలో అన్నది ఇలాగే ఆనవాయితీ అయితే రేపు ఏ ప్రభుత్వం వచ్చినా దీన్నే వాడుకుంటుంది.

అభినందన్ పేరు పిల్లలకు కూడా నోటికి వచ్చు. బడ్గాంలో పోయిన ఆరుగురిలో ఒక్కరి పేరు ఏ మంత్రినైనా చెప్పమనండి. మార్కుల పాఠం తరువాత చెబుదురు గానీ, ముందు ఆ ఏడు ఇళ్లలో ఏదో ఒక గడపలో నిలబడి ఆ పెన్సిల్ కథ చెప్పి రండి.