తగల్లేదు కదా అని వదిలేస్తున్న ప్రమాదాలు

జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తించడానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖకు ఒక లెక్క ఉంది. సుమారు 500 మీటర్ల దూరంలో, మూడేళ్ల వ్యవధిలో, మరణాలో తీవ్ర గాయాలో మిగిల్చిన ప్రమాదాలు ఐదు జరగాలి. లేదా పదిమంది చనిపోవాలి. అప్పుడు ఆ చోటు జాబితాకెక్కుతుంది, దాన్ని సరిచేసే పని మొదలవుతుంది. ఈ లెక్క అవసరమే. కానీ ఐదో ప్రమాదం జరిగేలోపు అదే చోట సైకిల్ మీద వెళ్తూ లారీ కింద పడబోయి బతికినవాళ్లు ఎంతమందో ఏ జాబితాలోనూ ఉండదు. స్టేషన్‌లో రాయరు, ఆసుపత్రిలో రాయరు. ఆ మనిషి ఇంటికెళ్లి భూమ్మీద నూకలుండబట్టి బతికానంటాడు. ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. అక్కడితో సరి.

అక్కడితో సరిపెట్టకూడదన్నదే నా వాదన. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా ప్రభుత్వం లెక్కపెట్టాలి. సైకిల్‌ను రాసుకుంటూ వెళ్లడం తప్పని, ఎంత దగ్గరగా వెళ్తే తప్పో కూడా చట్టంలో అంకెతో రాయాలి.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. సైకిల్ మనిషి రోడ్డుకు బాగా ఎడమ అంచున వెళ్తాడని, నిటారుగా గీత గీసినట్టు వెళ్తాడని వెనక వచ్చే డ్రైవర్ అనుకుంటాడు. ఆ అంచునే గుంతలుంటాయి, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలుంటాయి, ఇసుక పేరుకుని ఉంటుంది. తారు రోడ్డుకూ మట్టి మార్జిన్‌కూ మధ్య కొన్నిచోట్ల జానెడు ఎత్తు తేడా ఉంటుంది. ఒకసారి చక్రం అందులోకి జారితే మళ్లీ పైకెక్కించడం కష్టం, చాలామంది పడేది అక్కడే. కాబట్టి సైకిల్ కాస్త కుడికి జరుగుతూ, మళ్లీ సర్దుకుంటూ వెళ్లక తప్పదు. సరిగ్గా ఆ క్షణంలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కారొస్తే, అది సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకొస్తున్నట్టు లెక్క. హ్యాండిల్‌కూ కారు అద్దానికీ మధ్య మిగిలేది బెత్తెడు. పెద్ద లారీ అయితే ఇంకో గండం: దగ్గరకొచ్చేటప్పుడు దాని గాలి సైకిల్‌ను బయటికి నెడుతుంది, దాటిపోతున్నప్పుడు లోపలికి లాగుతుంది. లారీ తగలకుండానే మనిషి పడిపోవచ్చు. అప్పుడు చూసినవాళ్లు సైకిల్ అదుపు తప్పిందంటారు.

డ్రైవర్ వైపు నుంచి చూస్తే ఏమీ జరగలేదు. తగల్లేదు కదా అంటాడు, హారన్ కొట్టాను కదా అంటాడు. అబద్ధం చెప్పడం లేదు, అతనికి నిజంగానే ఏమీ జరగలేదు. ఒక ఉదయం టోలిచౌకి ఫ్లైఓవర్ దిగుతుంటే ఒక టిప్పర్ నా మోచేతిని దాదాపు రాసుకుంటూ వెళ్లింది. కింద సిగ్నల్ దగ్గర ఆ డ్రైవర్ నా పక్కనే ఆగాడు. నా వైపు కోపంగా కూడా చూడలేదు. నేను అక్కడ ఉన్నానని అతనికి గుర్తే లేదనిపించింది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. తిడితే కనీసం చూశాడని తెలుస్తుంది.

ఈ డ్రైవర్ల ప్రవర్తన మీద బయటి దేశాల్లో జాగ్రత్తగా కొలిచిన పరిశోధనలున్నాయి. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ వాకర్ సైకిల్‌కు దూరం కొలిచే సెన్సర్ బిగించుకుని తానే తొక్కుతూ రెండు వేలకు పైగా ఓవర్‌టేక్‌లను నమోదు చేశారు. 2007లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, ఆయన హెల్మెట్ పెట్టుకున్నప్పుడు వాహనాలు సగటున 8.5 సెంటీమీటర్లు మరింత దగ్గరగా వెళ్లాయి. పొడవాటి జుట్టు విగ్గు పెట్టుకుంటే కాస్త ఎక్కువ చోటు వదిలాయి. ఆ ప్రయోగం చేస్తుండగానే ఆయన్ని ఒక బస్సు, ఒక లారీ ఢీకొట్టాయి కూడా. హెల్మెట్ మానేయమని చెప్పడానికి ఇది చెప్పడం లేదు. సైకిల్ మనిషికి ఎంత చోటివ్వాలన్నది చట్టమో శిక్షణో నిర్ణయించనప్పుడు, ఎదుటివాడి వాలకాన్ని బట్టి డ్రైవరే నిర్ణయించుకుంటున్నాడని చెప్పడానికి.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసింది పరిశోధకురాలు రేచల్ ఆల్‌డ్రెడ్ బ్రిటన్‌లోనే నడిపిన నియర్ మిస్ ప్రాజెక్ట్. 2014లో సైకిల్ తొక్కేవాళ్ల చేత ఒక రోజు డైరీలు రాయించి, త్రుటిలో తప్పిన ఘటనలను సేకరించారు. నెమ్మదిగా తొక్కేవాళ్లకు, అంటే గంటకు 13 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్లేవాళ్లకు, వేగంగా తొక్కేవాళ్లతో పోలిస్తే మైలుకు మూడు రెట్లు ఎక్కువగా ఇలాంటి ఘటనలు ఎదురయ్యాయి. ఆడవాళ్లకు మగవాళ్లకంటే ఎక్కువ ఎదురయ్యాయి, వాళ్లు సగటున నెమ్మదిగా తొక్కడం అందుకు ముఖ్య కారణం.

మన దగ్గర నెమ్మదిగా తొక్కేదెవరు? తెల్లవారుజామున పాల క్యాన్లు తగిలించుకుని వచ్చే మనిషి. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్. పనిముట్ల సంచి వెనక కట్టుకున్న తాపీ మేస్త్రీ. హైస్కూలు ఆడపిల్లలు. 2011 జనాభా లెక్కల ప్రకారం, వ్యవసాయమూ ఇంటి పరిశ్రమా కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో 2.6 కోట్ల మందికి పైగా సైకిల్ మీదే పనికి వెళ్తున్నారు, అంటే దాదాపు 13 శాతం. వీళ్ల హ్యాండిల్‌కు కెమెరా ఉండదు. వీళ్లకు క్లబ్బులుండవు, ట్వీట్లు చేయరు. నగరాల్లో సైకిల్ గురించి వినిపించే గొంతు ఎక్కువగా వ్యాయామం కోసం తొక్కే మాలాంటివాళ్లది. గండాల్లో పెద్ద వాటా మాత్రం వాళ్లది.

ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. మంచి పని. బస్సు లేని ఊళ్లో ఎనిమిదో తరగతి తర్వాత చదువు ఆగిపోకుండా ఉండటానికి సైకిల్ ఎంత పని చేస్తుందో పల్లెల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ సైకిల్ ఇచ్చిన ప్రభుత్వమే ఆ పిల్ల వెళ్లే దారిలో ఎంత చోటుందో చూడలేదు. ఊరికీ బడికీ మధ్య రాష్ట్ర రహదారి ఉంటే, ఆ దారిలో కంకర టిప్పర్లు తిరుగుతుంటే, ఒకరోజు ఆ పిల్ల భయపడి మార్జిన్‌లోకి దిగి మోకాలు చెక్కుకుని ఇంటికొస్తుంది. "రేపట్నుంచి సైకిల్ వద్దులేమ్మా, ఆటోలో వెళ్లు" అంటాడు నాన్న. ఆటో డబ్బులు దొరికినన్నాళ్లు బడికి వెళ్తుంది. సైకిల్ వసారాలో తుప్పు పడుతుంది. ఆ తండ్రిని తప్పు పట్టలేం, ఎవరైనా అదే అంటారు.

ఈ సంఘటన ఏ లెక్కలోకీ రాలేదు, పైగా లెక్కను తలకిందులు చేసింది. ఆ రోడ్డు మీద సైకిల్ మరణాలు ఆ ఏడాది సున్నా కావచ్చు. రోడ్డు భద్రంగా ఉందని కాగితం చెప్తుంది. సైకిళ్లు లేవు కాబట్టి ఎవరూ చనిపోలేదన్న సంగతి కాగితంలో ఉండదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంత పెద్ద అంకె పక్కన భయపడి సైకిల్ మానేసినవాళ్ల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. కానీ సైకిల్ మానేసిన మనిషి అప్పు చేసి టీవీఎస్ ఎక్సెల్ కొంటాడు, కిస్తీ కడతాడు, రోడ్డు మీద ఇంకో ఇంజిన్ పెరుగుతుంది. మానేయలేనివాడికి పక్కన తోడు ఇంకొకటి తగ్గుతుంది. సైకిళ్లు తగ్గేకొద్దీ డ్రైవర్ల కళ్లకు సైకిల్ అలవాటు తప్పుతుంది.

గండం తప్పిన సంగతిని రాసిపెట్టుకుంటే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లు విమానాల సంగతి చూడాలి. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయానికి దిగబోతూ టీడబ్ల్యూఏ 514 విమానం కొండను ఢీకొట్టింది. అందులోని 92 మందీ చనిపోయారు. దర్యాప్తులో ఒక దారుణమైన విషయం బయటపడింది. ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అక్కడే, అదే పొరపాటుతో, ఆ కొండకు తగలకుండా త్రుటిలో బయటపడింది. యునైటెడ్ ఆ సంగతి తన పైలట్లకు చెప్పుకుంది. మిగతా సంస్థల పైలట్లకు చేరే దారి అప్పట్లో లేదు. దాని తర్వాత, 1976లో, గండం తప్పించుకున్న పైలట్లు భయం లేకుండా సమాచారం ఇచ్చే వ్యవస్థను నాసా నిర్వహణలో మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. విమానయానం ఇంత భద్రం కావడంలో ఇలా రాసి పంచుకునే అలవాటుకు పెద్ద పాత్ర ఉంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌ను నేరంగా చెప్తుంది. 2019 సవరణతో చట్టవిరుద్ధమైన ఓవర్‌టేకింగ్ కూడా అందులో స్పష్టంగా చేరింది. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. చాలా గట్టిగానే ఉంది. కానీ సైకిల్‌ను దాటేటప్పుడు ఎంత దూరం వదలాలన్న అంకె లేదు. అంకె లేనప్పుడు కానిస్టేబుల్ చలానా రాయలేడు, డ్రైవింగ్ స్కూల్ నేర్పలేదు.

జర్మనీ 2020లో ఆ అంకె రాసుకుంది: ఊళ్లో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2014లో వేగ పరిమితిని బట్టి నిర్ణయించింది: 60 కిలోమీటర్ల వరకు ఒక మీటరు, అంతకు మించితే మీటరున్నర. బ్రిటన్ 2022 జనవరిలో హైవే కోడ్ మార్చి, గంటకు 48 కిలోమీటర్ల వేగం వరకు కనీసం 1.5 మీటర్లు వదలమంది. ఆగిన కారు తలుపును దూరపు చేత్తో తెరవమని కూడా అందులోనే చెప్పింది. అలా తెరిస్తే శరీరం తిరిగి, వెనక వస్తున్న సైకిల్ కంట పడుతుంది. మనమూ బ్రిటన్‌లాగే ఎడమ వైపు నడుస్తాం కాబట్టి డ్రైవర్ ఎడమ చేత్తో తెరిస్తే చాలు. రూపాయి ఖర్చు లేదు.

మన ఇరుకు రోడ్ల మీద మీటరున్నర ఎక్కడి నుంచి తెస్తారన్నది నేను ఎక్కువగా వినే అభ్యంతరం. అబిడ్స్‌లోనో బెజవాడ వన్‌టౌన్‌లోనో సాయంత్రం అన్నీ కలిసి నత్తనడక నడుస్తుంటే మీటరున్నర అడగడంలో అర్థం లేదు, ఆ వేగంలో ప్రమాదమూ తక్కువే. అందుకే క్వీన్స్‌లాండ్‌లాగా దూరాన్ని వేగంతో ముడిపెట్టాలి. చోటు లేకపోతే వెనకే ఆగాలి, అది ఐదు పది సెకన్ల పని. ఎవరు కొలుస్తారన్నది రెండో ప్రశ్న. బ్రిటన్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు 2016 నుంచి మామూలు బట్టల్లో ఒక పోలీసును కెమెరాతో సైకిల్ మీద పంపారు. దగ్గరగా దాటిన డ్రైవర్‌ను కాస్త ముందు ఆపి, నేల మీద పరిచిన చాప మీద ఎంత దూరం వదలాలో చూపించారు. చాలామందికి అక్కడికక్కడే అర్థమైంది. పట్టుకుని శిక్షించడం కంటే నాకు ఈ చాప ఎక్కువ నచ్చింది. మన ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ శిక్షణలో దీన్ని రేపే మొదలుపెట్టవచ్చు.

సైకిళ్లకు విడిగా దారి వేస్తే పోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. నేనక్కడ తొక్కుతాను, హాయిగా ఉంటుంది. కానీ అక్కడికి చేరడానికి మళ్లీ అదే టిప్పర్ల మధ్య నుంచి వెళ్లాలి, వాచ్‌మన్ పనికెళ్లే దారి అది కాదు. ఇక రంగు గీతలు కొట్టి సైకిల్ లేన్ అని రాయడం అంతకంటే తక్కువ పని. మెల్‌బోర్న్‌లో 18,527 ఓవర్‌టేక్‌లను కొలిచిన 2019 నాటి అధ్యయనం ప్రకారం, గీత లేన్, పక్కన ఆగిన కార్లు రెండూ ఉన్న రోడ్డు మీద, ఆ రెండూ లేని రోడ్డుతో పోలిస్తే వాహనాలు సగటున 40 సెంటీమీటర్లు మరింత దగ్గరగా వెళ్తున్నాయి. గీత ఉంది కాబట్టి నా వైపు నాదే అని డ్రైవర్ అనుకుంటాడు కాబోలు. దిమ్మెలు కట్టి వేరు చేస్తేనే అది దారి.

లెక్కపెట్టే పరికరాలు మనకు కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాగస్వామిగా 2021లో నాగ్‌పూర్‌లో మొదలైన ఐరాస్టే ప్రాజెక్టు, తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ వచ్చింది. బస్సుకు బిగించిన కెమెరా ఢీకొనే ముప్పును పసిగట్టి డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. అలాంటి హెచ్చరికలు ఎక్కువగా వచ్చిన చోట్లను, ఇంకా ఎవరూ చనిపోకముందే, గ్రే స్పాట్లుగా గుర్తించడం ఆ ప్రాజెక్టు ఉద్దేశాల్లో ఒకటి. నేను అడుగుతున్నది సరిగ్గా అదే. కాకపోతే అది బస్సు ముందు అద్దం నుంచి కనిపించేది. సైకిల్ హ్యాండిల్ దగ్గర నుంచి కనిపించేది కూడా కావాలి.

దీనికి ఇప్పుడు ఒక అవకాశం వచ్చింది. మోటారు లేని వాహనాలు, పాదచారుల కోసం నిబంధనలు రాసుకునే అధికారాన్ని 2019 సవరణ 138(1ఎ) సెక్షన్ ద్వారా రాష్ట్రాలకిచ్చింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఆ నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. రెండు తెలుగు రాష్ట్రాల నిబంధనల్లోనూ దాటే దూరం మీటర్లలో ఉండాలి. ఎఫ్‌ఐఆర్ లేకుండా, బండి నంబరు చెప్పకపోయినా, ఫలానా చోట ఫలానా వేళ ఇలా జరిగిందని తెలుగులో ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు ఉండాలి. సైకిళ్లిచ్చిన ప్రతి హైస్కూల్లో ఏడాదికి రెండుసార్లు పిల్లల చేత దారి పటం గీయించి, భయమేసిన చోట చుక్క పెట్టించి, ఆ పటాన్ని మండల స్థాయిలో రోడ్లు భవనాల శాఖ ఇంజినీరుకు పంపాలి. ఒకే మలుపు దగ్గర పదిమంది పిల్లలు చుక్క పెడితే, ఆ ఇంజినీరు నెలలోపు అక్కడికి వెళ్లి చూసి, ఏం చేయబోతున్నాడో హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా చెప్పాలని నిబంధనలోనే ఉండాలి.