సిబిల్ స్కోరు సరే, రిపోర్టు చదివారా?

తెలుగులో ‘పరపతి’కి రెండు అర్థాలు. నలుగురిలో మాట చెల్లడం ఒకటి, అప్పు పుట్టడం ఇంకొకటి. సొసైటీ బోర్డు మీద ‘ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం’ అని రాసేది రెండో అర్థంలో. ఒకప్పుడు రెండూ కలిసే ఉండేవి. ఫలానావారి అబ్బాయి అంటే చాలు, ప్రామిసరీ నోటు మీద డబ్బు చేతికొచ్చేది. ఇప్పుడు అవి వేరుపడ్డాయి. ఊరంతా దండం పెట్టే పెద్దమనిషికి బైక్ లోన్ రాకపోవచ్చు. ఇరవై ఏళ్లు ఒక్క నెలా తప్పకుండా చిట్టీ కట్టిన ఇల్లాలికి, చేబదులు చెప్పిన రోజుకే తీర్చే మనిషికి బ్యాంకు దృష్టిలో చరిత్రే లేదు.

ఆ చరిత్ర రాసేది క్రెడిట్ బ్యూరోలు, అంటే ఎవరు ఎంత అప్పు తీసుకుని ఎలా కట్టారో బ్యాంకుల నుంచి సేకరించి దాచే సంస్థలు. వాటిలో సిబిల్ 2000లో మొదలైంది, ఈ సంస్థల కోసం 2005లో చట్టం వచ్చింది. సిబిల్ కాక ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నా మన నోట అన్నిటికీ పేరు సిబిలే. 300 నుంచి 900 దాకా స్కోరు ఇస్తాయి. ఎవరి లెక్క వారిది కాబట్టి ఒకే మనిషికి నాలుగు చోట్ల నాలుగు అంకెలు రావచ్చు. అయినా అందరూ అంకె దగ్గరే ఆగిపోతారు. అది ఎందుకు తగ్గిందో తెలియాలంటే రిపోర్టు తెరవాలి.

బ్యూరోలను తిట్టడం తేలిక, నేను మాత్రం ఆ గుంపులో చేరను. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నాటి సూక్ష్మరుణ (పేదలకిచ్చే చిన్న అప్పుల) సంక్షోభం చూసినవారికి కారణం తెలుసు. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి వారం కిస్తీకి ఇంకొకరి దగ్గర తెచ్చి కట్టారు. ఎవరి నెత్తిన ఎంత ఉందో చూసే చోటే లేదు. వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ ఆ అక్టోబరులో ఈ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు వచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. ఈ సమస్యపై వేసిన మాలేగాం కమిటీ తర్వాత 2011లో రిజర్వు బ్యాంకు ఒకరికి రెండుకు మించి సూక్ష్మరుణ సంస్థలు అప్పివ్వకూడదంది. ఆ లెక్క తేల్చాలంటే బ్యూరో ఉండాల్సిందే. 2016లో స్వయం సహాయక సంఘాల సభ్యుల వివరాలు కూడా విడివిడిగా పంపమంది. అంటే డ్వాక్రా అక్కలకూ ఇప్పుడు సొంత రిపోర్టు ఉంటుంది.

ఇక రిపోర్టులో చూడాల్సినవి. నెలనెలా కట్టిన తీరు 36 గడుల్లో ఉంటుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ గడిలోనే పడుతుంది. దానికన్నా ప్రమాదం ‘సెటిల్డ్’ అన్న మాట. రెండు లక్షల బాకీకి లక్షా ఇరవై వేలు కడితే ఖాతా మూసేస్తామని రికవరీ ఏజెంటు ఫోన్ చేస్తాడు. మనకది గొడవ తీరిపోవడం. రిపోర్టులో మాత్రం ‘క్లోజ్డ్’ అని పడదు. మిగతా ఎనభై వేలు ఎగ్గొట్టిన మనిషిగానే తర్వాతి బ్యాంకు చూస్తుంది. డబ్బు చేతికొచ్చాక ఆ మిగతాది కూడా కట్టి, బాకీ లేదన్న నో డ్యూస్ పత్రం తీసుకుని, రికార్డు మార్చమని అడగడం ఒక్కటే దారి.

రెండోది జామీను. బావమరిది ట్రాక్టర్ లోన్‌కు మొహమాటానికి చేసిన సంతకం మన రిపోర్టులోనూ అప్పుగా ఉంటుంది. ఆయన కిస్తీ తప్పితే మన స్కోరు పడుతుంది. బంధుత్వం పోతుందన్న భయంతో చేసే ఈ సంతకాల గురించి ఏ ఆర్థిక సలహాదారూ చాలినంత చెప్పరని నా ఫిర్యాదు.

మూడోది మరచిపోయిన కార్డు. మా బంధువు ఒకాయనకు షాపింగ్ మాల్‌లో ఒక కార్డు అంటగట్టారు. ఆయన ఒక్కసారీ వాడలేదు. వార్షిక రుసుము ఐదొందల చిల్లర, దానిపై ఆలస్య రుసుము, ఆపై వడ్డీ. ఇల్లు కొందామని లోన్‌కు వెళితే ‘రిటెన్ ఆఫ్’, అంటే ఇక రాదని బ్యాంకు లెక్కల్లో కొట్టేసిన బాకీ, అని బయటపడింది. అడ్వాన్సు ఇచ్చిన ఫ్లాటు చేజారింది.

కొత్తగా మొదలుపెట్టేవారి సంగతి సులువే. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అడిగేవారిని తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్రం పార్లమెంటులోనూ అదే చెప్పింది. చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకుని, పరిమితిలో మూడో వంతు లోపే వాడి, గడువులోగా మొత్తం కట్టేస్తే చాలు. ఒకే వారంలో అయిదు యాప్‌లలో లోన్‌కు దరఖాస్తు పెట్టకూడదు. ప్రతి దరఖాస్తూ నమోదవుతుంది, డబ్బుకు అల్లాడుతున్నాడని చెప్పేస్తుంది.

తప్పు కనిపిస్తే? 2017 నుంచి ప్రతి బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. బ్యూరోకు చేసిన ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే, 2024 ఏప్రిల్ నుంచి రోజుకు 100 రూపాయల పరిహారం. లోన్ ఆగి ఫ్లాటు పోయినవాడికి రోజుకు వంద ఏమూలకు? పైగా తప్పు వెతికే పని కూడా బాధితుడిదే. అయినా ఉన్న ఆయుధం వాడుకోవాలి. బ్యూరో దగ్గర తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఖర్చేమీ లేదు. ‘సిబిల్ క్లియర్ చేస్తాం’ అని కరెంటు స్తంభాలకు కాగితాలు అంటించే వారు వేలకు వేలు గుంజి చేయగలిగింది కూడా ఈ ఫిర్యాదే. నిజంగా ఎగ్గొట్టిన బాకీని ఆ గడుల్లోంచి చెరిపే తాళం వాళ్ల దగ్గరా లేదు.